చెమట

అనకాపల్లి బెల్లమునకు పేరుపొందిన పట్టణము. ఆ చుట్టుపట్ల గ్రామములలో చెఱకు ఆడు కాలమున, ఒకడు ఎండిన పిప్పిని పొయ్యిలోనికి ఎగదోయుచుండును. మఱియొకడు పెనములో మరగు రసమును కలుపుచుండును. ఇరువురి వీపులనుండియు చెమట ధారలు కట్టును. మైదానమున కబడ్డీ ఆడు బాలునకును ఇట్లే చెమట పట్టును.

కండరములు వెచ్చించు శక్తిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే పనిగా మారును. తక్కినది వేడిమి యగును. అది ఒంటిలోనే నిలిచినచో ప్రాణాపాయము. కావున స్వేదగ్రంథులు చర్మముపైకి నీటిని వదలును. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు సుమారు 580 కిలోకాలరీల వేడిమి వలయును. ఆ వేడిమిని అది శరీరమునుండియే గ్రహించును. నేలపై రాలిన చెమట వలన ఫలము లేదు. ఒంటిపై ఆఱినదే చల్లబఱచును. సముద్రము చేరువనుండుటచే అనకాపల్లి గాలిలో తేమ హెచ్చు. అందుచే చెమట త్వరగా ఆఱదు. జనులు ఉక్కపోత యనునది ఇదియే.

అరువది కిలోల మనుష్యునిలో సుమారు 36 లీటర్ల నీరుండును. ఎండలో కఠినముగా శ్రమించువాడు గంటకు ఒక లీటరుకు పైగా చెమటను కోల్పోవచ్చును. నీరు తగ్గినకొలది రక్తము తగ్గి, గుండె మఱింత వేగముగా కొట్టుకొనును.

చెమటతో ఉప్పును పోవును. అట్టివాడు వట్టి నీటినే మితిమీఱి త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచనై తల తిరుగును. ఒక్కొక్కప్పుడు స్పృహయు తప్పును. మన పల్లెలలో పొలము పనివారు ఉప్పు వేసిన గంజి త్రాగుట ఎంతయు యుక్తము. ఉప్పులోని సోడియమును, గంజి జీర్ణమైనప్పుడు పుట్టు గ్లూకోజును జతగూడి ప్రేగుగోడను దాటును. వాని వెంట నీరును పోవును. ఈ జత సంగతిని రాబర్ట్ క్రేన్ 1960లో ప్రతిపాదించెను. 1980 మొదలు బంగ్లాదేశ్‌లో అతిసారముచే నీరు కోల్పోయిన బిడ్డలకొఱకు, చిటికెడు ఉప్పును పిడికెడు బెల్లమును నీట కలుపు విధము తల్లులకు ఇంటింటను నేర్పిరి.

పొయ్యి పనికి క్రొత్తగా వచ్చినవాడు తొలిదినములలో త్వరగా సొమ్మసిల్లును. పది పదునాలుగు దినములలో అతని దేహము వేడిమికి అలవడును. చెమట ముందుగా పట్టును. అందులో ఉప్పు తగ్గును. కాని చెమట మునుపటికంటె హెచ్చగును గనుక, పనిలో ఆఱితేఱినవాడే నీరు ఎక్కువగా త్రాగవలసియుండును.