ఆటలో మౌనం

వీడియో ఆటలనగానే తుపాకుల మోత, రంగుల మెరుపులు స్ఫురించడం సహజం. కాని కొందరు రూపకర్తలు అంతకన్న శ్రద్ధగా కూర్చేది నిశ్శబ్దాన్ని. 2005లో ఫుమితో ఉయెదా దర్శకత్వంలో జపానునుండి వెలువడిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ అందుకు చక్కని నిదర్శనం.

మరణించిన యువతిని బ్రతికించుకొనేందుకు ఒక యువకుడు 16 మహాకాయాలను సంహరించాలి. అవి తప్ప ఆ విశాల భూమిలో వేరే శత్రువులు లేరు. గుర్రంపై ఎంతసేపు సాగినా వినిపించేవి గాలి, డెక్కల చప్పుడు మాత్రమే. కత్తిని ఎండలోకి ఎత్తితే కాంతికిరణాలు దిక్కు చూపుతాయి. కోవ్ ఒతాని కూర్చిన యుద్ధసంగీతం మొదలయ్యేది మహాకాయం ఎదురుపడ్డాకనే.

ఈ కిటుకు ఇంద్రియశాస్త్రానికి పాతదే. ఒక మార్పు మనకు తెలియడమనేది ఆ మార్పు పరిమాణంపై గాక, అప్పటికే ఉన్న ఉద్దీపనతో దానికి గల నిష్పత్తిపై ఆధారపడుతుందని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెబర్ గుర్తించాడు. చీకటి గదిలో అగ్గిపుల్ల గీస్తే చూపు అటే పోతుంది. మిట్టమధ్యాహ్నపుటెండలో అది వెలిగిందో లేదో కూడ తెలియదు. చెవికీ స్థూలంగా ఇదే న్యాయం.

అయితే నిష్పత్తులతోనే విషయం తేలిపోదు. చేతికి పని తగ్గిన ఆ స్వారీలో బుద్ధికి తీరిక చిక్కుతుంది. పదమూడవ మహాకాయం ఆకాశంలో ఎగురుతుందే గాని ఆటగానిపై దాడి చేయదు. దానిని చంపడం న్యాయమేనా? అది కూలినపుడు వినవచ్చేది విజయభేరి కాదు, విషాదగీతం. తెరముందు పిల్లవాడు ఊరకే గుర్రాన్ని నడిపిస్తున్నాడని పెద్దలు అనుకొనే ఘడియలలోనే ఈ సందేహం మొలకెత్తుతుంది.

2018లో ఈ ఆట దృశ్యాలన్నిటినీ కొత్తగా నిర్మించారు. స్వారీలోని మౌనాన్ని మాత్రం అలాగే ఉంచారు.