పద్మ మింగగా మిగిలిన మేడ

పశ్చిమ బెంగాల్ ముర్షీదాబాద్ జిల్లాలో, పద్మా నది ఒడ్డున నిమ్‌తితా అనే ఊరుంది. ఆవలి గట్టు బంగ్లాదేశ్. పెద్ద పెద్ద స్తంభాలతో, పెచ్చులూడిన గోడలతో ఏటికి ఎదురుగా నిలబడ్డ చౌధురీల రాజబాడీయే ఆ ఊరికి గుర్తింపు. సత్యజిత్ రాయ్ 1958లో తీసిన ‘జల్సాఘర్’ చూసినవాళ్లకి ఈ మేడ అందులో కథానాయకుడైన ఛబి బిశ్వాస్ ముఖమంత పరిచయం. అయితే సినిమాలోని షాండ్లియర్ వేలాడే పాటల గదిని ఇక్కడ వెతికితే దొరకదు. మేడలోని హాలు కథకి చాలినంత దర్జాగా లేదని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త దాన్ని కలకత్తా స్టూడియోలో కట్టారు.

సినిమాకి మూలం తారాశంకర్ బందోపాధ్యాయ రాసిన చిన్న కథ. బీర్‌భూమ్ జిల్లా లాభ్‌పూర్‌లో చిన్నపాటి జమీందారీ ఇంట 1898లో పుట్టిన ఆయనకి చితికిపోయిన దివాణాల సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కథలో బిశ్వంభర్ రాయ్‌కి భూములు పోయాయి, ఇంట్లోవాళ్లు పోయారు. మిగిలింది మేజువాణీలు జరిగిన గది ఒక్కటే. అతనికి సంగీతం మీద ప్రేమ ఎంతో, పరువు మీద పిచ్చీ అంతే. ఈ రెండూ విడదీయరానంతగా కలిసిపోవడమే కథకి ప్రాణమని నాకనిపిస్తుంది. ఉత్త రసికుడే అయితే అయ్యో పాపం అనుకుని వదిలేసేవాళ్లం.

సినిమాలో ఆఖరి కచేరీ చూడండి. ఉన్న కాస్త డబ్బూ ఊడ్చి పెట్టించిన కచేరీ అది. రోషన్ కుమారి కథక్ ముగియగానే, కొత్తగా డబ్బు చేసిన పొరుగువాడు మహిమ్ గంగూలీ ఈనాం ఇవ్వబోతాడు. వెనక నుంచి చేతికర్ర వంపు వచ్చి అతని చేతిని ఆపుతుంది. మొదటి ఈనాం ఇచ్చే హక్కు ఇంటి యజమానిది! ఆ రాత్రికి బిశ్వంభర్ గెలిచాడు. సినిమా చివర సత్యజిత్ రాయ్ అతన్ని గుర్రం మీంచి పడేసి చంపేశారు. తారాశంకర్ చంపలేదు. దీపాలార్పి తలుపులు మూయమని అరిపించి, చేతిలోని కొరడాని ఆ తలుపు మీదికి విసిరించారు. కథ ముగింపే ఎక్కువ కఠినం. పోగొట్టుకున్నది తెలిశాక కూడా బతకాలి కదా.

ఈ మేడ దొరికిన తీరు ఇంకో కథ. ఎన్నో భవనాలు తిరిగినా నచ్చక విసిగిన రాయ్ బృందానికి లాల్‌గోలా అనే ఊళ్లో టీకొట్టు దగ్గర ఒక ముసలాయన నిమ్‌తితా పేరు చెప్పాడు. ఆ సంగతి చెబితే తారాశంకర్ ఆశ్చర్యపోయారు. ఆ ఊరు ఆయన ఎన్నడూ చూడలేదు. కానీ జమీందారుల చరిత్రలో చదివిన నిమ్‌తితా ఉపేంద్రనారాయణ్ చౌధురీయే ఆయన బిశ్వంభర్‌కి నమూనా! ఇక ఆస్తి పోయిన సంగతికొస్తే, చిత్రీకరణనాటి యజమాని గణేంద్రనారాయణ్ చెప్పినదాని ప్రకారం, ఒకరోజు గర్జనలాంటి చప్పుడుకి బయటికొచ్చి చూస్తే, వాళ్ల కళ్లముందే ఎస్టేటులో పెద్ద భాగం పద్మలోకి జారిపోయింది.

సినిమాకి సంగీతం సితార్ విద్వాంసుడు విలాయత్ ఖాన్‌ది. జమీందారుల ఆదరణలో బతికిన కళాకారుల ఇంటివాడు, కనుక ఆ స్వరాల్లో బిశ్వంభర్ మీద సానుభూతి పాలు ఎక్కువైందని రాయ్‌కి అనిపించింది. 1961లో వచ్చిన ‘తీన్ కన్యా’ నుంచి తన సినిమాలకి రాయ్ తనే సంగీతం కట్టుకున్నారు. అందులోని ‘సమాప్తి’ భాగం చిత్రీకరణ కోసం మళ్లీ నిమ్‌తితాకే వెళ్లారు.