అప్పీలుకు గడువు ఉంది, మరువకండి

అక్కలారా! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి ఎందరో బతుకుదెరువుకు గల్ఫ్ దేశాలకు పోతారు. అట్లా సిరిసిల్ల ప్రాంతం నుంచి పోయిన ఐదుగురు దుబాయిలో హత్య కేసులో జైలుపాలయ్యారు. 2005లో నేపాల్ దేశపు వాచ్‌మన్ ఒకరు చనిపోయిన కేసు అది. మొదట పదేళ్ల శిక్ష పడింది. అప్పీలుకు పోతే అది 25 ఏళ్లయింది. 2011లో అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారక రామారావు నేపాల్ పోయి, చనిపోయినతని కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చారు. అయినా వెంటనే విడుదల కాలేదు. ఏళ్లు గడిచాక గాని వాళ్లు ఇల్లు చేరలేదు.

అది పరాయి దేశపు చట్టం. మన దేశంలో మనవాళ్లకు శిక్ష పడితే ఏం చేయాలి? తెలుసుకుందాం.

అప్పీలు అంటే ఏంది?

కింది కోర్టు తీర్పు సరైనదా కాదా చూడమని పై కోర్టును అడగడమే అప్పీలు. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు పోవాలి. దీనికి 60 రోజుల గడువు. ఉరిశిక్ష అయితే 30 రోజులే. మన దేశంలో ఖైదీ వేసుకున్న అప్పీలులో అతని శిక్ష పెంచకూడదు. కాబట్టి భయపడి ఊరుకోవద్దు.

గడువు దాటిపోయింది. ఎట్లా?

ఆలస్యానికి సరైన కారణం చెప్పి, మన్నించమని కోర్టును అడగవచ్చు. కోర్టు ఒప్పుకుంటేనే అప్పీలు తీసుకుంటుంది.

వకీలుకు పైసలు లేవు. ఎట్లా?

జైలులో ఉన్న మనిషికి ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇస్తుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. కోరుట్ల వాళ్లు జగిత్యాలకు పోవాలి. 15100 నంబరుకు ఫోను కూడా చేయవచ్చు. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి చేతికే ఇవ్వవచ్చు. ఆ అధికారి దాన్ని పై కోర్టుకు పంపాలి.

వకీలు రేపు రా, మాపు రా అంటున్నడు. ఎట్లా?

అప్పీలు నంబరు అడిగి రాసుకోండి. నంబరు లేదంటే అప్పీలు ఇంకా కోర్టులో నమోదు కాలేదేమో! కోర్టులోనే విచారించండి. అప్పీలు తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. అందాక శిక్ష ఆపి బెయిలు ఇమ్మని అడగవచ్చు.

నమ్మకం పోతే వకీలును మార్చుకునే హక్కు ఖైదీకి ఉంది. కొత్త వకీలుకు కొత్త వకాల్తా మీద సంతకం చేయాలి. ఫీజు బాకీ ఉందని పాత వకీలు కేసు కాగితాలు ఆపకూడదు. 2000లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది.

శిక్ష పడిన మనిషికి తీర్పు నకలు ఉచితంగా ఇవ్వాలి. అది ఇంట్లో దాచండి. దాని మీది తేదీ చదవండి. ఆ రోజు నుంచి దినాలు లెక్క పెట్టండి.

చెప్పండి:
1. హైకోర్టుకు అప్పీలు చేయడానికి ఎన్ని రోజుల గడువు?
2. వకీలును ఏ నంబరు అడగాలి?