ఉత్తరం ఎవరి చేతికి పోతుంది?

బడిలో మేం నేర్పే లేఖారచన తెలిసిందే. కుడివైపు ఊరు, తేదీ. కింద 'ఇట్లు, తమ విధేయుడు'. మార్కులకు అది చాలు, పని కావడానికి చాలదు.

కొన్నేళ్ల కింద జగిత్యాల వైపు నుంచి ఒక ఆడబిడ్డ రెండు పేజీల అర్జీ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. భర్త సౌదీలో ఉన్నాడు, ఏడు నెలలుగా జీతం లేదు. అదే అర్జీ ఒక ఆఫీసులో ఇచ్చి నాలుగు నెలలు చూసిందట, రశీదు కూడా తీసుకోలేదు. అందులో ఆమె దుఃఖమంతా ఉంది గానీ భర్త పాస్‌పోర్టు నంబరు లేదు, ఏ పట్టణంలో ఉన్నాడో లేదు. "సార్, నా బాధ చదివితే వాళ్లకు జాలి రాదా?" అన్నది. వస్తుందమ్మా, కానీ రియాద్‌లోని మన రాయబార కార్యాలయం మనిషిని వెతికేది నంబరుతోనే అని చెప్పాను. ఇద్దరం కూర్చొని పది వరుసల్లో రాశాం. ఏం కావాలో మొదటి వరుసలోనే పెట్టాం. తర్వాత పాస్‌పోర్టు, అకామా నంబర్లు, కఫీల్ పేరు, ఫోను, జీతం ఆగిన నెల. విదేశాంగ శాఖ 2015లో తెచ్చిన 'మదద్' పోర్టల్‌లోనూ అవే ఎక్కించాం. మూడో వారంలో అతనికి ఫోను వచ్చింది. ఇల్లు చేరడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. జీతం మాత్రం పూర్తిగా రాలేదు.

సోమవారం ప్రజావాణికి పోయేవారు పింఛను, భూమి ఒకే కాగితంలో కలపవద్దు. కాగితం ఒక శాఖకే పోతుంది, రెండో సంగతి అక్కడే పడి ఉంటుంది. జవాబు రాకుంటే సమాచార హక్కు కింద అడగవచ్చు. 'ఎందుకు చేయలేదు' అని కాదు, 'నా దరఖాస్తుపై తీసుకున్న చర్యల నకలు ఇవ్వండి' అని రాయాలి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు.

ఇక దాతలకు రాసే ఉత్తరం. మనలో నిజంగా అవసరమున్నవారు ఎక్కువ రాయరు, పరువు అడ్డం వస్తుంది. చిన్న ఉత్తరం చూసి అవసరం చిన్నదనుకోకండి. ఎంత కావాలి, ఎప్పటిలోగా, ఇంట్లో ఎవరి సంపాదన ఉంది, అప్పు ఎంత — ఇవి ఉంటే చాలు. పిల్లల చేత ఏడుపు రాయించవద్దని నేను తల్లిదండ్రులతో గట్టిగానే చెబుతాను.

నిరుడు ఆదిలాబాద్ నుంచి ఒక డిగ్రీ అమ్మాయి ఐదు వరుసలు రాసింది. ఫీజు కట్టగా 640 రూపాయలు మిగిలాయి, పుస్తకాలు కొనుక్కోవచ్చా, తిరిగి పంపాలా అని. రశీదు జతచేసింది. ఆ కాగితం దాతకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, వచ్చే ఏడు ఫీజు ఎంతో అడిగాడు.