పాత కారు మొరాయించినప్పుడు

వానరాత్రి. బోనకల్ నుండి రోగిని ఖమ్మము చేర్చవలెను. పాత పెట్రోలు అంబాసిడర్ కారు కదలదు. 2014లో తయారీ నిలిచిన ఆ బండికి సామాను మార్చుటకు ముందు మనము వరుసగా పరీక్షింపవలెను.

స్టార్టరు త్రిప్పగా దీపములు బొత్తిగా మసకబారినచో దోషము బ్యాటరీలోనో, దాని తీగల బిగింపులోనో యుండును. ఇంజను చురుకుగా తిరిగియు అంటుకొననిచో, పెట్రోలు ఒలికియుండలేదని చూచుకొని, విడి ప్లగ్గును ఒక ప్లగ్గు తీగకు తగిలించి, దాని లోహభాగమును ఇంజనుకు ఆనించి, రబ్బరుపిడి పట్టకారుతో పట్టి మరల త్రిప్పింపవలెను. నీలిరవ్వ దుమికినచో పెట్రోలు సరఫరాను వెదకుదము. రవ్వ లేనిచో స్విచ్చి ఆపి, డిస్ట్రిబ్యూటరు మూత విప్పి, లోపలి తడిని పొడిగుడ్డతో తుడిచి, పాయింట్ల ఎడము 0.015 అంగుళము ఉన్నదేమో చూతము.

వానకాలపు మొరాయింపునకు పెక్కుసార్లు ఆ తడియే కారణము. పొడిగుడ్డతో తీరు దోషమునకు రోగి తెల్లవారువరకు వేచియుండరాదు.