ఒకే రంగు దారం: కుట్టు కంటికి ఆనేదెలా?

బట్టది, దారానిది ఒకే రంగైతే కుట్టు బట్టలో కలిసిపోతుంది. చూసేవారికి అది అందం, కుట్టేవారికి మాత్రం ఇబ్బంది. నల్ల బట్ట మీద నల్ల దారంతో మిషన్‌పై బొంత కుడుతుంటే పాత వరస ఎక్కడ ఆగిందో, కుట్టు ఎక్కడ తప్పిందో, దారం ఎక్కడ లూజైందో తెలియదు. పై బట్ట, నడుమ దూది, కింది బట్ట కలిపి వరసల కొద్దీ కుట్టే పని ఇది. పొరపాటు చివర్లో బయటపడితే విప్పడానికే ఎక్కువ సమయం పోతుంది.

భరత్‌నగర్, హైటెక్‌సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ల మధ్య ఉన్న బోరబండ లాంటి బస్తీల్లో గల్లీ టైలర్లకు ఈ చిక్కు కొత్త కాదు. జాకెట్ ముక్క పట్టుకుని మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లి, సరిగ్గా అదే రంగు దారం రీలు ఏరి తెచ్చుకోవడం వృత్తిలో భాగమే. రంగు ఎంత బాగా కుదిరితే కుట్టు అంత కనబడకుండా పోతుంది.

దారం సన్నగా ఉండడం దీనికి అసలు కారణం కాదు. మామూలు కుట్టుదారం మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఆరోగ్యమైన కన్ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి దాదాపు 0.09 మిల్లీమీటర్ల వివరాన్ని విడదీసి చూడగలదు. కొరవడింది వెలుగులో తేడా. ఒక వస్తువు దాని వెనకున్న దానికంటే కాస్తయినా కాంతివంతంగానో, మసకగానో ఉంటేనే కన్ను దాని అంచును పట్టుకుంటుంది. అనుకూలమైన పరిస్థితుల్లో ఒక శాతం తేడా చాలు, సన్నని గీతలకైతే ఇంకా ఎక్కువ కావాలి. రంగు కలిసినప్పుడు ఆ తేడాను నీడ నుంచి రాబట్టాలి.

కుట్టు పడ్డచోట దూది అణిగి సన్నని లోయ ఏర్పడుతుంది, ఇరువైపులా బట్ట ఉబ్బుతుంది. నెత్తిమీది ట్యూబ్‌లైట్ వెలుగు నిలువుగా పడి లోయను, ఉబ్బును ఒకేలా నింపేస్తుంది. మిషన్‌కు ఉండే చిన్న బల్బు కూడా సూది పక్కనే పైనుంచి వెలుగుతుంది కాబట్టి నీడ పెద్దగా ఏర్పడదు. అదే దీపాన్ని బల్ల ఎత్తుకు దించి పక్క నుంచి వేస్తే బట్ట ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి, రాత్రి బండి హెడ్‌లైట్‌కు రోడ్డు మీది గతుకులు తేలినట్టే. లెక్క సులువు: 0.2 మిల్లీమీటర్ల ఉబ్బుకు 45 డిగ్రీల వెలుగులో నీడ కూడా 0.2 మిల్లీమీటర్లే. వెలుగు 10 డిగ్రీలకు దిగితే నీడ 1.1 మిల్లీమీటర్లకు సాగుతుంది, అంటే ఐదున్నర రెట్లకు పైనే.

వెలుగు దిశ కూడా ముఖ్యం. కుట్టు వరసకు అడ్డంగా పడితే నీడ బాగా తేలుతుంది, వరస వెంబడే పడితే మాయమవుతుంది. వంకర గీతల డిజైన్‌లో సగం కనబడి సగం కనబడకపోవడం ఇందుకే. మెడ వంచగలిగే టేబుల్ ల్యాంపును మిషన్‌కు ఎడమవైపు, బట్ట మట్టానికి కాస్త పైన పెట్టి, కంటికి సూటిగా కొట్టకుండా తిప్పుకోవాలి. గీత మలుపు తిరిగినప్పుడు దీపం చోటు మార్చాలి. ఆ సమయంలో నెత్తిమీది లైటు ఆర్పేస్తే నీడ మరింత స్పష్టమవుతుంది. షట్టర్ దగ్గర మిషన్ వేసుకున్న టైలర్‌కు పగలు ఏటవాలు వెలుగు ఉచితంగా దొరుకుతుంది.

మెరుపు రెండో ఆధారం. పాలిస్టర్, పట్టు దారాలు నూలు బట్టకంటే ఎక్కువ మెరుస్తాయి. తలను కాస్త పక్కకు వంచితే, ఏదో ఒక కోణంలో దారం మీది వెలుగు సూటిగా కంట్లో పడి వరస మొత్తం తళుక్కుమంటుంది.

మూడోది దీపం రంగు. దారానికి, బట్టకు వాడిన అద్దకాలు వేరైతే ఒక వెలుగులో ఒకటిగా కనబడిన రంగులు మరో వెలుగులో విడిపోవచ్చు. దీన్ని మెటమెరిజం అంటారు. మ్యాచింగ్ సెంటర్‌లో కుదిరిన రంగు ఎండలో తేడాగా కనబడేది ఇందువల్లే. కుట్టేటప్పుడు ఇదే ఉపకరిస్తుంది: తెల్ల ఎల్ఈడీ కింద కలిసిన దారం పసుపు బల్బు కింద బయటపడవచ్చు. తెలుపు మీద తెలుపుకు అతినీలలోహిత టార్చి ఉంది. బట్టను తెల్లగా చూపే రసాయనాలు ఆ కిరణాలను పీల్చి నీలి వెలుగు చిమ్ముతాయి. దారంలో, బట్టలో అవి ఒకే మోతాదులో లేకపోతే కుట్టు వేరుగా మెరుస్తుంది. ఆ టార్చిని కళ్లలోకి వేయకూడదు.

వెలుగు చాలినంత ఉండడమూ అవసరమే. కుట్టుపనికి ఐరోపా ప్రమాణం 750 లక్స్. తెల్లబట్ట తన మీద పడ్డ వెలుగులో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపితే, నల్లబట్ట నూటికి ఐదు వంతులకు మించి పంపదు. అందుకే నల్లబట్టకు అంతకంటే గట్టి వెలుగు కావాలి. వయసు కూడా తోడవుతుంది: పాప చిన్నదై, కంటి కటకం పసుపుబారి, 60 ఏళ్లవారి రెటీనాకు 20 ఏళ్లవారికి అందే వెలుగులో సుమారు మూడోవంతే చేరుతుంది. 40 దాటాక దగ్గరి చూపుకు అద్దాలు పెట్టుకుంటే సగం కష్టం తీరుతుంది.

ఇక మిగిలినది గుర్తులు. కుట్టకముందే చాక్‌తో గీత గీస్తే కంటికి దారి దొరుకుతుంది, ఉతికితే పోతుంది. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్ను గీతలు గట్టి చలిలో మళ్లీ తేలవచ్చు కాబట్టి చలి దేశాలకు పంపే బొంతలకు అవి వద్దు. నీటితో పోయే పెన్ను వాడితే, గీతను కడగకముందు ఇస్త్రీ పెట్టకూడదు. వరస పూర్తయ్యాక బట్ట తిరగేసి వేలితో తడిమితే కింది దారం లూజు ఉన్నచోట ఉచ్చులు తగులుతాయి. వరసకోసారి ఇలా చూసుకుంటే విప్పాల్సింది ఆ ఒక్క వరసే అవుతుంది.