బీఎంఐ బాగుంది... మనిషే బాగోలేదు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒంటి బరువు వేరు, సత్తువ వేరని ఈ రెండు జిల్లాలకు ఒకరు చెప్పక్కర్లేదు.

పేగుపూత రోగి ముందుకొచ్చేసరికి మాత్రం ఆ తేడా మరుగున పడిపోతుంది. పేగుపూత జబ్బులైన అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ పట్నానికే పరిమితమన్న నమ్మకమూ చెదిరింది. హైదరాబాద్ ఏఐజీ వైద్యులు పల్లెలకే వెళ్లి కొలనోస్కోపీలు చేసి, అవి అక్కడా ఉన్నాయని 2023లో లాన్సెట్ ప్రాంతీయ పత్రికలో రాశారు.

ఓ లెక్క చూద్దాం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువున్న మనిషి అయిదు నెలల్లో 56కు దిగాడనుకోండి. ఎత్తుకు తగ్గ బరువును చూపే బీఎంఐ 22 నుంచి 20.6కు వచ్చింది. 18.5 పైనే ఉంది కాబట్టి చీటీలో ‘నార్మల్’. తగ్గిందేమో దాదాపు 7 శాతం! ఆరు నెలల్లో 5 శాతానికి మించి తగ్గి, పేగులో వాపు కూడా ఉంటే అంతర్జాతీయంగా వాడే ‘గ్లిమ్’ ప్రమాణాల ప్రకారం అది పోషకాహార లోపమే.

చిక్కల్లా పాత బరువు దగ్గరే. గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదో, చెన్నైలో కట్టుబడి పనుల్లోనో నెలల తరబడి గడిపే మనిషి ఆర్నెల్ల కింద ఎంత తూగాడో ఎవరు రాసిపెట్టారు? ఆర్మీ ర్యాలీకి వెళ్లిన కుర్రాడికీ, గర్భిణిగా కార్డు రాయించుకున్న ఆవిడకీ ఓ పాత అంకె ఉండొచ్చు. మిగతావాళ్లకు వదులైన జాకెట్టు, బెల్టుకు కొత్తగా పొడిచిన బెజ్జమే ఆధారం.

అవి తీసిపారేసే ఆధారాలేం కావు. పోషణ స్థితిని అంచనా వేయడానికి 1987లో డెట్‌స్కీ బృందం వివరించిన ఎస్‌జీఏ పద్ధతికి వైద్యుడి కళ్లు, చేతులే పరికరాలు. భుజాల మీద, తొడల్లో కండ ఎంత మిగిలిందో తడిమి చూస్తారు, చీలమండ దగ్గర నొక్కి నీరుందేమో చూస్తారు. నీరు పట్టిన ఒళ్లు కాటాను మోసం చేస్తుంది. స్టెరాయిడ్లతో మొహం గుండ్రమైతే ఊళ్లో ‘ఒళ్లు చేశాడు’ అనుకుంటారు, లోపల కండ మాత్రం కరుగుతూనే ఉంటుంది. పిడికిలి పట్టు కొలిస్తే బండారం బయటపడుతుంది. ఆసియావాసులకు 2019లో పెట్టిన కనీస హద్దు మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18.

రక్తపరీక్షలూ ఏమార్చగలవు. వాపున్నప్పుడు తిండి బాగున్నా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడిపోతుంది. ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ దీనికి ఎదురు, వాపుతో పెరుగుతుంది. అందుకే మామూలుగా 30 లోపుంటే ఇనుము లోపమనేవాళ్లు, పేగుపూత రేగినప్పుడు 100 వరకూ అనుమానిస్తారు.

ఎవరూ సరిగ్గా అడగని ప్రశ్న ఒకటుంది: ఏం మానేశారు? విరేచనాలతోపాటే ఇంట్లో పత్యమూ మొదలవుతుంది. గుడ్డు, ఎండుచేప ముందు పోతాయి, తర్వాత పప్పు. చివరికి చారన్నం మిగులుతుంది. జబ్బు రేగినప్పుడు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది యూరప్ నిపుణుల సిఫారసు. మన 56 కిలోల మనిషికి 67 నుంచి 84 గ్రాములు. పావుకిలో బియ్యం వండుకు తిన్నా 20 గ్రాములు దాటదు. పేగు సన్నబడిన క్రోన్స్ రోగికి పీచు తగ్గించమనడంలో అర్థముంది. అందరిచేతా గుడ్డు మాన్పించడంలో ఏమర్థముందో తెలియదు. చోడి అంబలి, గుడ్డు, చేప ఒక్కొక్కటిగా పెట్టి చూసి, ఏది పడిందో, ఆ రోజు బరువెంతో తేదీతో సహా రాసిన కాగితం మనిషితోపాటే వెరావల్‌కీ, చెన్నైకీ వెళ్లాలి.